తెరపై నూరు, కొండపై తొంబదియేడు

ఇటీవల అరకులోయ చెంతనున్న యొక గిరిజన ఆశ్రమ పాఠశాలకు మిత్రులతో గూడి పోవుట తటస్థించినది. ఏడవ తరగతి గదిలో గోడనిండ నొక వెలుగు తెర గలదు. దానిపై గాజుపాత్రలో నీరు మరుగుచుండెను. నీరు నూరు సెంటిగ్రేడు డిగ్రీలకడ మరుగునని యొక ఆంగ్లస్వరము మధురముగా పలికెను. పిల్లలు కిక్కురుమనక విని, యొక్క గొంతుకతో వల్లించిరి. అదే సమయమున కిటికీ కావల వంటపాకలో పెద్ద గుండిగలో ఎసరు తెర్లుచుండెను. పాఠము ముగిసిన పిమ్మట నొక బాలిక మెల్లగా లేచి, "మన ఎసరు గూడ నూరేనా, సారూ?" అని యడిగినది. ఉపాధ్యాయుడు సజ్జనుడు, కొలిచి చూపవలెననుకొనెను. కాని బడిలో జ్వరము చూచు ఉష్ణమాపకము దక్క వేఱొకటి లేదు. అది 42 డిగ్రీలు దాటి చూపదు. ఎసరుతోపాటు ప్రశ్నయు చల్లారిపోయినది.

ఆ బాలిక ప్రశ్న చిన్నది గాదు. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. పైకి పోయినకొలది గాలి యొత్తిడి తగ్గును. ఒత్తిడి తగ్గినకొలది నీరు తక్కువ వేడికే మరుగును. విశాఖపట్టణపు కడలియొడ్డున 100 డిగ్రీలకడ మరుగు నీరు అరకులో సుమారు 97 డిగ్రీలకే మరుగును. తెర చెప్పినది విశాఖకు నిజము, అరకునకు గాదు. ఈ మూడు డిగ్రీల వ్యత్యాసములో వాయుమండలపు బరువున్నది. కొండమీద పప్పుడుకుటకు మఱికొంత సేపు పట్టుటకు కారణమున్నది. ఆ గుండిగలో నొక సామాన్యపు ఉష్ణమాపకమును ముంచియున్నచో నా పిల్లలు గ్రంథమును సరిదిద్దిన గర్వముతో నిండ్లకు పోయియుందురు.

మేము న్యాయస్థానపు మెట్లెక్కి దిగువారము. కన్న సంగతిని కన్నవాడే వచ్చి చెప్పవలెను, ఒరులు చెప్పగా విన్నమాట సాధారణముగా చెల్లదు అనునది 1872 నాటి సాక్ష్యచట్టములోని మూలసూత్రము. 2024 జూలై 1వ తేదీనుండి దాని స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినను సూత్రము చెక్కుచెదరలేదు. పదిరూపాయల తగవులో విన్నమాటను త్రోసిపుచ్చు మనము, ప్రకృతిని గూర్చిన విచారణలో మాత్రము బిడ్డలకు విన్నమాటనే సాక్ష్యముగా నిచ్చుచున్నాము. తెరమీది బొమ్మ యెంత సొగసైనను అది యొరులు చూచి చెప్పినదియే గాని బాలుడు చూచినది గాదు.

ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చున్నదని మేమనము. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, వారి యుపాధ్యాయులకు ట్యాబులను మెఱుగుపలకలను 5 లక్షలకు పైగా పంచిరి. మఱుసటి యేట డిసెంబరు 21వ తేదీన రెండవ విడత పంపకమును అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లిలోనే యారంభించిరి. అంతర్జాలము లేకున్నను నడుచునట్లు పాఠములను పలకలోనే నింపి యిచ్చిరి. సంకేతమందని గూడెములను దలచి చేసిన యాలోచనయని దీనిని మెచ్చుకొనవలసినదే. ఆఱవ తరగతి మొదలు గదులలో తెరలును వెలసినవి. అయితే ఆ పాఠములు ప్రజల సొత్తు గావు. బైజూస్ అను వ్యాపారసంస్థవి. 2024 జూలైలో ఆ సంస్థపై దివాలా విచారణ మొదలైనది. వ్యాపారమున లాభనష్టములు సహజము. మన బిడ్డల శాస్త్రపాఠమును వేఱొకరి లాభనష్టములకు ముడిపెట్టుట మాత్రము సహజము గాదు.

ఈ యనుభవము మనకు క్రొత్తది గాదు. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు ఒక సంవత్సరకాలము అమెరికా యెరువిచ్చిన ఏటీఎస్-6 అను ఉపగ్రహముద్వారా ఆంధ్రప్రదేశముతో గూడ ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు దూరదర్శన ప్రసారములు వచ్చెను. ఉదయవేళ బడిపిల్లలకు పాఠములు, సాయంకాలము పెద్దలకు వ్యవసాయ విషయములు చూపిరి. మన శాస్త్రజ్ఞుల ప్రతిభకు అది మచ్చుతునక. కాని గడువు తీరినంతనే యెరువు వస్తువు తిరిగిపోయెను. ఎరువు సొమ్ము బరువుచేటన్న పెద్దల మాట ఆకాశమందు తిరుగు వస్తువునకును చెల్లినది.

మఱియొక దారియు ఈ దేశముననే త్రొక్కబడినది. 1972లో మధ్యప్రదేశములోని హోషంగాబాదు జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలలలో పిల్లలచేతనే ప్రయోగములు చేయించి శాస్త్రము నేర్పు కార్యక్రమము మొదలయ్యెను. కొనినవి కొన్ని, ఊరిలో దొరికినవి కొన్ని చేర్చి పరికరముల పెట్టెలు కూర్చిరి. ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చిరి. అది వందలకొలది బడులకు ప్రాకి, 2002లో ప్రభుత్వ నిర్ణయముచే ఆగినను, ముప్పది యేండ్లు నిలిచినది. మన రాయలసీమలోని కుప్పమున నెలకొన్న అగస్త్య సంస్థ ప్రయోగసామగ్రిని బండ్లకెక్కించి పల్లెబడుల ముంగిట దింపుచున్నది. చేతికి పనిచెప్పు సాధనము యంత్రము గాదనుట పొరపాటు. ఉష్ణమాపకమును యంత్రమే, బూతద్దమును యంత్రమే.

ఇందేమి కొంప మునిగినదని పట్టణపు పాఠకుడు ప్రశ్నించునేమో! వినుడు. దోమలు నిలువనీటిలో, మురికిగుంటలలో పెరుగునని మన పిల్లలందఱు వల్లింతురు. తూర్పుకనుమలలో చలిజ్వరమును మోయు ఎనాఫిలిస్ జాతులలో నొకటియగు ఫ్లూవియాటిలిస్ మెల్లగా పాఱు తేటసెలయేళ్ల యంచులందు గ్రుడ్లు పెట్టును. మురికిగుంట లేదుగదా యని నిశ్చింతగా నుండు గూడెమునకు పాఠమే శత్రువగును. ఇదియు నూరు, తొంబదియేడుల కథయే. కాని యిచట తప్పిన లెక్కకు మూల్యము ప్రాణము. 1897 ఆగస్టులో మన సికిందరాబాదుననే రోనాల్డ్ రాస్ దోమ కడుపును సూక్ష్మదర్శినితో పరీక్షించి చలిజ్వరపు క్రిమి జాడ గనుగొనెను. నేడు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మను ప్రకాశ్ బృందము రూపొందించి, 2014లో లోకమునకు వెల్లడించిన ఫోల్డ్‌స్కోపు అను కాగితపు సూక్ష్మదర్శిని జేబులో పట్టును. విద్యుత్తు లేకయే సూర్యకాంతితో పనిచేయును. ఒక గాజుగిన్నెలో సెలయేటి నీరు తెచ్చినచో ఎనాఫిలిస్ పిల్లపురుగు నీటిమట్టమునకు సమముగా పరుండుటయు, ఇతర దోమపిల్లలు తలక్రిందుగా వ్రేలాడుటయు బాలుని కంటికే కనబడును. అది చూచిన బిడ్డ సెలయేటి యంచునకు నీళ్లకు పోవునపుడు ఆ పాఠమును మఱచునా?

ఇంక భాష. అరకు పిల్లలలో పెక్కురకు ఇంటిమాట కువియో, కొండభాషయో, ఆదివాసీ ఒడియాయో. తెలుగే వారికి రెండవది, ఆంగ్లము మూడవది. గిడుగు రామమూర్తిగారు సవర బిడ్డలకు సవరలోనే చదువు చెప్పవలెనని తామే యా భాష నేర్చి, వాచకములు వ్రాసి, బడులు పెట్టించిరి. గ్రాంథికవాదులకును వారి యీ సేవయందు భేదాభిప్రాయము లేదు. 2004లో కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా మొదలగు ఎనిమిది భాషలలో చిన్నతరగతుల బోధనకు ప్రయత్నము ఆరంభమైనది. అది పై తరగతుల శాస్త్రపాఠముల కేల చేరరాదు? యంత్రము నిజముగా నుపకరించు చోటిదియే. గూడెపు యువకుడొకడు కువిలో చెప్పిన ప్రయోగపాఠమును పలకలో నింపుటకు సముద్రములు దాటనక్కఱలేదు.

పట్టణపు బిడ్డకు తెర, కొండబిడ్డకు కుండయా యని యాక్షేపింపవచ్చును. మేము తెరను తీసివేయుమనుట లేదు. శనిగ్రహపు వలయములు, కొట్టుకొను గుండె, అణువు గర్భము చూపుటకు తెరకు మించినది లేదు. మేము కోరునది క్రమము: చేతికందునది ముందు చేతితో, అందనిది పిమ్మట తెరపై. పట్టణపు బిడ్డకును ఇదియే మేలు. కాని వానికి ఇంట చదువుకొన్న తండ్రి గలడు, వీధిలో ట్యూషను గలదు. కొండబిడ్డకు బడి యొక్కటే దిక్కు. కావున నచట తప్పు జరుగరాదు.

కావలసినవి నాలుగు. ప్రతి మాధ్యమిక పాఠశాలకు ఉష్ణమాపకములు, బూతద్దములు, కాగితపు సూక్ష్మదర్శినులు గల పెట్టె యొకటి. ఉపాధ్యాయులు నెలకొకసారి కూడి, తామే ప్రయోగము చేసి చూచుకొను సమావేశము. ప్రభుత్వధనముతో చేయించు పాఠములపై సర్వహక్కులు ప్రజలవే యను షరతు. ఒప్పందపత్రములు వ్రాయువారము గనుక అది యెంత సులభమో మేమెఱుగుదుము. చెడిన తెరలను బాగుచేయుటకు మండలమున కొక మనిషి.

పాఠకమహాశయులారా! శీతకాలమున వలిసెపూలు చూచుటకు, బొఱ్ఱాగుహల సున్నపుఱాతి వింతలు కనుటకు మీరు రైలెక్కి అరకునకు పోవుదురు. ఈమాఱు మీ పఠనాలయము పక్షమున నొక ఉష్ణమాపకమును గూడ వెంట గొనిపొండు. ప్రధానోపాధ్యాయుని యనుమతి గొని వంటపాక కడకు పిల్లలను పిలిపింపుడు. ఏ సంఖ్య వచ్చునో మీరు చెప్పకుడు. వారినే చూచి చెప్పనిండు.