ఏ తెర మీద తెరవాలో చెప్పేదెవరు?

ల్యాప్‌టాప్ పక్కన ఇంకో మానిటర్ తగిలించుకోవడం ఇప్పుడు మన హాస్టళ్లలో మామూలైపోయింది. ఒక తెర మీద కోడ్, ఇంకో తెర మీద బ్రౌజర్. లినక్స్‌లో ఈ ఏర్పాటు బాగానే ఉంటుంది, కొత్త విండో తెరిచేదాకా. టెర్మినల్ కుడి తెర మీద రావాలనుకుంటాం, అది ఎడమ తెర మీద తేలుతుంది. లాగి సర్దుకుంటాం. మళ్ళీ తెరిస్తే మళ్ళీ అదే కథ.

ఇదో సమస్యా అనేవాళ్ళున్నారు. రెండో తెర ప్రొజెక్టర్ అయితే? సెమినార్ మధ్యలో మన చాట్ విండో వెళ్ళి గోడంత సైజులో తెరుచుకుంటే అది చిన్న చికాకు కాదు, పరువు సంగతి.

"ప్రైమరీ డిస్‌ప్లే మార్చుకో" అని ఉచిత సలహా ఒకటి వినిపిస్తుంది. కానీ ప్యానెల్ ఎక్కడుండాలన్నది ఒకటి, కొత్త విండో ఎక్కడ రావాలన్నది ఇంకొకటి. చాలా డెస్క్‌టాప్‌లు మౌస్ ఏ తెర మీదుందో, ఏ విండోలో పని చేస్తున్నామో చూసి కొత్తదాన్ని అక్కడ పెడతాయి.

1987లో వచ్చిన ఎక్స్11లో ప్రోగ్రామ్ "నన్ను ఫలానా చోట పెట్టు" అని అడగొచ్చు. ఒక ప్రోగ్రామ్ ఇంకోదాని విండోని కూడా జరపొచ్చు. డెవిల్స్‌పై లాంటివి పనిచేసేది ఆ వెసులుబాటుతోనే. 2008లో మొదలైన వేలాండ్ ఆ తలుపు మూసేసింది. అందులో మామూలు విండోకి తానెక్కడుందో కూడా తెలియదు, నిర్ణయమంతా కంపోజిటర్‌దే. నన్నడిగితే ఇది మంచి పనే. నా తెర మీద ఏదో ప్రోగ్రామ్‌కి పెత్తనం ఎందుకు?

అయితే ప్రోగ్రామ్ దగ్గర లాక్కున్న ఆ హక్కు వాడేవాడి చేతికి రావాలి కదా! కేడీఈలో వచ్చింది: విండో రూల్స్‌లో ఒక్కో ప్రోగ్రామ్‌కి తెర నంబర్ ఇవ్వొచ్చు. స్వేలో కాన్ఫిగ్ ఫైల్‌లో రెండు లైన్లు చాలు: ఈ వర్క్‌స్పేస్ ఆ తెరకి, ఈ ప్రోగ్రామ్ ఆ వర్క్‌స్పేస్‌కి. 17.10 నుంచి ఉబుంటుతో పాటు వస్తున్న గ్నోమ్ సెట్టింగ్స్‌లో మాత్రం ఇలాంటిది లేదు. ఎక్స్‌టెన్షన్ వెతుక్కోవాలి, గ్నోమ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా అది పనిచేస్తుందో లేదో చూసుకోవాలి.

సెట్టింగ్స్ పెరిగితే జనం తికమకపడతారన్న వాదన ఉంది. కొంత నిజమే. కానీ నేనడిగేది రైట్‌క్లిక్ మెనూలో ఒక్క వరుస: "దీన్ని ఎప్పుడూ ఈ తెర మీదే తెరువు." ఆ తెర తగిలించి లేనప్పుడు ఉన్న తెర మీదే తెరిస్తే చాలు. అక్కర్లేనివాళ్ళు దాని జోలికే పోరు.

అందాకా రెండు తెరలవాళ్ళు ఒకసారి కేడీఈ వాడి చూడండి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి టాపిక్ దొరకనివాళ్ళకి ఇంకో మాట: గ్నోమ్ ఎక్స్‌టెన్షన్లు రాసేది మనకి తెలిసిన జావాస్క్రిప్ట్‌లోనే. ఆ ఒక్క వరుస మీరే రాసి పెట్టొచ్చు.