గోలకొండ కొలువున మువ్వ గోపాలుడు

ముస్లిం పాదుషా దర్బారున గోపాలుని శృంగారమా యని విద్యార్థులు కొందరు మమ్మడిగిరి. మధుర తిరుమల నాయకుని యెదుట 2,000, తంజావూరు విజయరాఘవుని యెదుట 1,000, గోలకొండ పాదుషా కొలువున 1,500 పదములు చెప్పితినని క్షేత్రయ్యయే యొక పదమున లెక్క చూపినాడు. ఆ పాదుషా అబ్దుల్లా కుతుబ్ షా (1626–1672) యని పండితులు తలంతురు. ఆ వంశమునకు తెలుగు క్రొత్తయా? ఇబ్రహీం కుతుబ్ షా అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానము'ను అంకితమందినవాడు కదా!

అయినను రాజుల ధనము పదములను కాపాడజాలలేదు. ఆ 4,500లో నేటికి మిగిలినవి కొన్ని వందలే. అవియును పెక్కు దేవదాసీల కంఠముల నిలిచినవి. సున్నిపెంటలో మన వార్షికోత్సవమున గజలు, ఖవ్వాలీ వినుచున్నాము, సంతోషమే. ఒక్క క్షేత్రయ్య పదమునకు పావుగంట కాలము, పాడువారికి కొంత పారితోషికము కమిటీ వారు మంజూరు చేయవలెనని కోరుచున్నాము. షామియానా బాడుగ కంటె అది యెక్కువ కాబోదు.