గుండె ఆపరేషన్ కాగితంలో మెదడుకూ చోటివ్వాలి

బైపాస్ చేయించుకుని ఇంటికి బయల్దేరే మనిషి చేతికి ఆస్పత్రి ఇచ్చే కాగితంలో చాలా వివరాలుంటాయి. గుండె ఎంత శాతం పంపు చేస్తోంది, ఎన్ని గ్రాఫ్టులు వేశారు, షుగర్ ఎంత, క్రియాటినిన్ ఎంత, ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలి, అన్నీ రాస్తారు. జ్ఞాపకశక్తి ఆపరేషన్‌కు ముందు ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది అన్న ఒక్క వరస మాత్రం సాధారణంగా కనిపించదు. ఇంటికొచ్చిన పది రోజులకు ఆ వరసను ఇంట్లోవాళ్లే పూరించుకుంటారు. నాన్న కొట్టు లెక్కల్లో తడబడుతున్నాడు, అడిగిందే మళ్లీ అడుగుతున్నాడు, పేపరు తెరిచి రెండు నిమిషాలకే పక్కన పెట్టేస్తున్నాడు. 'పెద్ద ఆపరేషన్ కదా, మత్తు ఇంకా పూర్తిగా దిగలేదేమో' అని సర్దుకుంటారు. నిజానికి మత్తుమందు ఒంట్లోంచి వెళ్లిపోయి అప్పటికి చాలా రోజులవుతుంది.

ఈ తడబాటును వైద్యులు ఎప్పుడో కొలిచారు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బైపాస్ చేయించుకున్న 261 మందిని ఐదేళ్లపాటు పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించారు. డిశ్చార్జి నాటికి 53 శాతం మందిలో జ్ఞాపకం, ఏకాగ్రత వంటివి తగ్గాయి. ఆరు నెలలకు ఆ సంఖ్య 24 శాతానికి దిగింది. ఐదేళ్లకు మళ్లీ 42 శాతానికి చేరింది.

ఈ అంకెలు చూసి ఆపరేషన్ మానుకోవాలనుకుంటే పొరపాటు. ఆ అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకోని గుండె రోగులతో పోలిక లేదు. తర్వాత జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఆ పోలిక చేస్తే, ఏళ్లు గడిచాక కనిపించే తగ్గుదల వాళ్లలోనూ దాదాపు అంతే ఉందని తేలింది. గుండె రక్తనాళాలను పూడ్చిన బీపీ, షుగర్, వయసు మెదడు రక్తనాళాలనూ వదలవు. అంటే చాలామంది మెదడు ఆపరేషన్ బల్ల ఎక్కకముందే కొంత దెబ్బతిని ఉంటుంది. ముందు కొలవకపోతే, తర్వాత ఏ నష్టం దేనివల్ల వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేడు.

మెదడు శరీరం బరువులో రెండు శాతమే. కానీ ఒళ్లంతా వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు ఐదోవంతు దానికే కావాలి. పైగా నిల్వ ఉండదు. రక్తం ఆగిన కొద్ది నిమిషాల్లోనే కణాలు చనిపోవడం మొదలవుతుంది. గుండెను ఆపి, రక్తాన్ని హార్ట్ లంగ్ మిషన్ గుండా తిప్పే ఆపరేషన్‌లో మెదడుకు పొంచి ఉన్న ప్రమాదాలు చాలా ఉన్నాయి. బృహద్ధమనికి క్లాంపు వేసినప్పుడు లోపలి కొవ్వు పెచ్చులు ఊడి మెదడులోకి పోవచ్చు. సన్నటి గాలి బుడగలు చేరవచ్చు. బీపీ పడిపోవచ్చు. చివర్లో ఒంటిని తిరిగి వేడి చేసేటప్పుడు తొందరపడితే మెదడు కావలసినదానికంటే వేడెక్కవచ్చు. మత్తు డాక్టరు, మిషన్ నడిపే పర్‌ఫ్యూజనిస్టు గంటల తరబడి కళ్లు తిప్పకుండా మానిటర్లు చూసేది అందుకే.

మెదడును కాపాడే మొదటి ఉపాయం చలి. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే మెదడుకు కావలసిన ఆక్సిజన్ సుమారు 6 నుంచి 7 శాతం తగ్గుతుంది. 1950లో టొరంటోలో విల్‌ఫ్రెడ్ బిగెలో జంతువులపై దీన్ని చూపించాడు. 1952 సెప్టెంబరు 2న మిన్నెసోటాలో జాన్ లూయిస్ ఐదేళ్ల పాపను చల్లబరిచి, రక్త ప్రసరణ ఆపి, గుండెలోని రంధ్రం మూశాడు. ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ హార్ట్ లంగ్ మిషన్‌తో మొదటి విజయం సాధించింది ఆ తర్వాతే, 1953 మే 6న. 1975లో రాండల్ గ్రీప్ బృందం ఒంటిని బాగా చల్లబరిచి బృహద్ధమని వంపును మార్చవచ్చని చూపింది. మెడకూ మెదడుకూ రక్తం పంపే నాళాలన్నీ ఆ వంపు నుంచే బయల్దేరతాయి కాబట్టి అంతకుముందు దాని జోలికి వెళ్లాలంటే సర్జన్లు జంకేవారు. 18 డిగ్రీల దగ్గర సుమారు అరగంట దొరుకుతుంది. ఆపై ప్రతి నిమిషమూ గండమే. అందుకే ఇప్పుడు చాలాచోట్ల కుడి చంక దగ్గరి ధమని గుండా మెదడుకు మాత్రం రక్తం పంపిస్తూ, మిగతా ఒంటిని అంతగా చల్లబరచకుండానే పని ముగిస్తున్నారు.

పసివాళ్ల విషయంలో బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్ చేసిన పని అందరూ తెలుసుకోదగ్గది. 1988-1992 మధ్య, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళాలు తారుమారుగా పుట్టిన 171 మంది శిశువులను ఆ పరిశోధనలోకి తీసుకున్నారు. కొందరికి చలిలో రక్త ప్రసరణ పూర్తిగా ఆపి, కొందరికి మిషన్‌తో కొద్దిపాటి ప్రసరణ సాగిస్తూ ఆపరేషన్ చేశారు. తర్వాత ఒకటో ఏట, నాలుగో ఏట, ఎనిమిదో ఏట, పదహారో ఏట పరీక్షించారు. ప్రసరణ ఆపిన పిల్లలు ఏడాది వయసులో కాళ్లూచేతుల కదలికల్లో వెనకబడ్డారు. ఎనిమిదేళ్లకు రెండు గుంపుల్లోనూ చాలామందికి ఏకాగ్రతలో, చదువులో ఇబ్బందులు కనిపించాయి. ఆ పిల్లలకు బడిలో ఏ సాయం కావాలో తెలిసింది ఇన్నేళ్లు వెంట ఉండి చూసినందువల్లే.

మందులు మాత్రం ఇప్పటిదాకా నిరాశే మిగిల్చాయి. థయోపెంటాల్ అనే మత్తుమందు మెదడును కాపాడుతుందని 1986లో ఆశ పుట్టింది. 1991లో బైపాస్ రోగులపై చేసిన పరీక్షలో ఆ మేలు కనబడలేదు. నెదర్లాండ్స్‌లో 4,494 మందితో జరిగిన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పరీక్ష ఆశించిన ఫలితం ఇవ్వలేదు. మిషన్ లేకుండా, కొట్టుకుంటున్న గుండె మీదే బైపాస్ చేసినా ఐదేళ్ల తర్వాత జ్ఞాపకశక్తిలో తేడా లేదని అదే దేశంలో జరిగిన మరో పరీక్షలో తేలింది. మెదడు తరంగాలు చూస్తూ మత్తు తగ్గించి ఇస్తే రోగి తర్వాత గందరగోళపడడని అనుకున్నారు. కెనడాలో 1,140 మంది గుండె రోగులపై చేసిన ఈ పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. మత్తు తగ్గించి ఇచ్చినవారిలోనూ మామూలుగా ఇచ్చినవారిలోనూ గందరగోళం 18 శాతమే.

మెడ ధమనిలో కొవ్వు తీసే ఆపరేషన్ కథా ఇంతే. మెడ దగ్గర మాత్రమే తిమ్మిరెక్కించి, రోగిని మెలకువగానే ఉంచి ఆ ఆపరేషన్ చేయవచ్చు. చేతిలో నొక్కినప్పుడల్లా కూతపెట్టే బొమ్మ పెడతారు. అది నొక్కగలిగినంతసేపు మెదడుకు రక్తం అందుతున్నట్టే. ఇంత చక్కటి పద్ధతి పూర్తి మత్తు కంటే మెరుగేనా అని 24 దేశాల్లో 3,526 మందిపై పరీక్షించారు. 2008లో లెక్క తేలింది. పక్షవాతం, గుండెపోటు, మరణం అన్నీ కలిపితే పూర్తి మత్తులో 4.8 శాతం, మెలకువలో 4.5 శాతం. తేడా లేనట్టే.

ఇన్ని పరీక్షలు వృథా పోలేదు. మాయమందు లేదని ఖాయం చేసి, చూపును ఆపరేషన్ థియేటర్ నుంచి మంచం పక్కకు తిప్పాయి. గుండె ఆపరేషన్ తర్వాత మొదటి రోజుల్లో కొందరు పగలూ రాత్రీ తెలియక కంగారుపడతారు, గొట్టాలు పీకేసుకుంటారు. మరికొందరు పలకరించినా పలకకుండా శూన్యంలోకి చూస్తుంటారు. రెండో రకాన్ని 'ప్రశాంతంగా పడుకున్నారు' అనుకుని వదిలేస్తుంటారు. రెండింటినీ డాక్టర్లు డెలీరియం అంటారు. ఇది వచ్చి పోయే విషయం కాదని 2012లో అమెరికాలో 225 మంది గుండె రోగులపై చేసిన అధ్యయనం చెప్పింది. ఆరు నెలలు గడిచినా మునుపటి స్థాయికి రానివారు డెలీరియం వచ్చినవారిలో 40 శాతం, రానివారిలో 24 శాతం.

దీన్ని కొంతవరకైనా ఆపే దారి ఉంది. యేల్ వైద్యులు 70 ఏళ్లు దాటిన 852 మంది సాధారణ వార్డు రోగులపై చేసిన ప్రయోగం 1999లో వెలువడింది. రోగికి తారీఖు, చోటు గుర్తుచేయడం, కళ్లజోడు, వినికిడి మిషన్ అందుబాటులో ఉంచడం, రాత్రి నిద్ర చెడకుండా చూడడం, త్వరగా లేపి నడిపించడం, నీళ్లు తాగించడం, ఇవే వాళ్లు చేసిన పనులు. డెలీరియం 15 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గింది. ఇందులో ఏదీ ఖరీదైనది కాదు. తెలుగు రాష్ట్రాల ఆస్పత్రుల్లో మాత్రం పెద్దాయన కళ్లజోడు, కట్టుడు పళ్లు, వినికిడి మిషన్ సంచిలో కట్టి బయట కూర్చున్న కొడుకు చేతికిస్తారు. లోపల ఆయన గోడ మీది గడియారం కూడా చూడలేని స్థితిలో ఉంటాడు.

కొలవడానికి తెలుగులో సాధనం లేదన్న సాకు కూడా చెల్లదు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం జ్ఞాపకశక్తి పరీక్షను తెలుగుకు మలిచింది. 648 మంది మతిమరుపు రోగులపై ఆమె బృందం చేసి 2013లో ప్రచురించిన పరిశోధన, రెండు భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందని చెప్పి ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. అందులో చదువురానివారూ ఉన్నారు. ఐసీఎంఆర్ తయారుచేయించిన పరీక్షల సంపుటి కూడా ఐదు భారతీయ భాషల్లో ఉంది. వాటిలో తెలుగు ఒకటి.

ఐసీయూల్లో నర్సులే చాలరు, ఈ పని ఎవరు చేస్తారన్న అభ్యంతరం నిజమైనదే. కానీ డెలీరియం ఉందో లేదో చూడడానికి కొద్ది నిమిషాలు చాలు. జ్ఞాపకశక్తి పరీక్షకు ఇరవై నిమిషాలు పడుతుంది. శిక్షణ ఇస్తే ఫిజియోథెరపిస్టు చేయగలరు. మందే లేనప్పుడు కొలిచి ఏం లాభమని అడిగేవారు లోహపు వాల్వు వేయించుకున్న రోగిని తలుచుకోవాలి. రక్తాన్ని పలచబరిచే మాత్ర అతను జీవితాంతం, రక్తపరీక్షను బట్టి మారే మోతాదులో వేసుకోవాలి. మరిచిపోతే వాల్వులో గడ్డ కడుతుంది, రెండుసార్లు మింగితే రక్తస్రావం అవుతుంది. అతని మతి తడబడుతోందని ముందే తెలిస్తే మాత్రల డబ్బా భార్య చేతికో కూతురి చేతికో ఇచ్చి నేర్పించవచ్చు.

2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక గుండె ఆపరేషన్ పేదవాడికీ అందింది. ఇప్పుడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఆ ఖర్చు భరిస్తున్నాయి. ఈ పథకాల తరఫున ఆస్పత్రికి డబ్బు కట్టే ట్రస్టుకు షరతు పెట్టే హక్కూ ఉంటుంది. 65 ఏళ్లు దాటినవారికి ముందుగా నిర్ణయించుకుని చేసే ప్రతి గుండె, బృహద్ధమని ఆపరేషన్‌కు ముందు ఒకసారి, ఆపరేషన్ అయిన మూడు నెలలకు మరోసారి తెలుగులో జ్ఞాపకశక్తి పరీక్ష జరిపించి ఫలితం క్లెయిములో నమోదు చేయాలని రెండు ట్రస్టులూ ఆదేశించాలి. ఐసీయూలో పూటకోసారి డెలీరియం నమోదు, ఇంటివాళ్లలో ఒకరికి రోజూ లోపలికి అనుమతి, కళ్లజోడు రోగి దగ్గరే ఉంచడం దానికి జతచేయాలి. పసితనంలో గుండె ఆపరేషన్ అయిన పిల్లలకు బడిలో చేరే ముందు ఎదుగుదల పరీక్ష ఉచితంగా చేయించాలి. నిమ్స్‌లోనూ తిరుపతి స్విమ్స్‌లోనూ ఏడాదిపాటు అమలు చేసి చూస్తే, మిగతా ఆస్పత్రులకు విస్తరించడానికి కావలసిన లెక్కలు ప్రభుత్వాల చేతికొస్తాయి.