సీపాప్ పడలేదన్న తీర్పు చెల్లదు

నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకు, మాస్కు గుండా గాలి పంపే సీపాప్ మిషన్‌ను డాక్టరు రాసిచ్చిన ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "మూడు రాత్రులు పెట్టి చూశాం, మావారికి పడలేదు." ఆ తర్వాత మిషన్ బీరువా మీదికి చేరుతుంది. "ముక్కులోకి గాలి కొడుతుంటే నిద్ర ఎలా పడుతుంది?" అని చుట్టాలు వత్తాసు పలుకుతారు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "నెల రోజులు ఓర్చుకోండి, అదే అలవాటవుతుంది" అంటారు. ఈ రెండు మాటలూ పైకి ఎదురెదురుగా కనిపిస్తాయి. కానీ రెండింటి కిందా ఉన్న నమ్మకం ఒక్కటే. మిషన్‌లో పెట్టిన ప్రెషర్ మారనిదనీ, దాన్ని తట్టుకోగలిగినవారికే ఆ వైద్యమనీ, తట్టుకోలేనివారు వదిలేయాల్సిందేననీ ఆ నమ్మకం.

అది తప్పు. ప్రెషర్ మార్చుకోవడానికి వీలైన అంకె. మొదటి వారాల్లో దాన్ని సవరించుకుంటూ పోవడం ఈ వైద్యంలో భాగం. ఆ పని చేయకుండా "పడలేదు" అనడం, కొలత తీసుకోకుండా కుట్టిన చొక్కా బిగుతైందని చొక్కాలే మానేయడం లాంటిది.

ఈ జబ్బు కేవలం గురక గొడవ కాదు. నిద్రలో గొంతు కండరాలు సడలి, గాలి దారి మూసుకుపోయి, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. గంటకు ఐదుకు మించి ఇలా జరిగితే జబ్బు ఉన్నట్టు, ముప్పై దాటితే తీవ్రమైనట్టు లెక్క. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో తెలుగువారికి దగ్గరైన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో కన్నుమూసినప్పుడు వైద్యులు చెప్పిన కారణం ఈ జబ్బే. పనిచేసే వయసులో ఉన్న భారతీయుల్లో దాదాపు 10.4 కోట్ల మందికి ఇది ఉండవచ్చని 2023లో ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు అంచనా వేశారు. ఇంతమందికి అవసరపడే వైద్యాన్ని మూడు రాత్రుల అనుభవంతో తీసిపారేయడం చిన్న విషయం కాదు.

"అంత గాలి" అనే భయాన్ని ముందు కొలిచి చూడాలి. సీపాప్ ప్రెషర్‌ను సెంటీమీటర్ల నీటి లెక్కలో చెబుతారు. మామూలు మిషన్లు 4 నుంచి 20 దాకా ఇస్తాయి. 10 అంటే నీళ్లలో పది సెంటీమీటర్ల లోతున ఉండే ఒత్తిడి. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో అది దాదాపు నూరో వంతు మాత్రమే. సిడ్నీలో కాలిన్ సల్లివాన్ బృందం 1981లో ఐదుగురు రోగుల మీద ఈ పద్ధతిని తొలిసారి వివరించినప్పుడు వాడినది 4.5 నుంచి 10 దాకా. ఊపిరితిత్తులను ఉబ్బించడం దాని ఉద్దేశం కాదు. మూసుకుపోయే గొంతును తెరిచి ఉంచేంత ఒత్తిడి ఇస్తే చాలు.

ఆ చాలినంత ఎంతో తేల్చేది టైట్రేషన్. ల్యాబులో ఒంటినిండా వైర్లు తగిలించి పడుకోబెట్టి, 4 దగ్గర మొదలుపెట్టి, ఊపిరి ఆగినప్పుడల్లా కొంచెం కొంచెం పెంచుతూ పోతారు. మంచి పద్ధతే. కానీ అది ఒక్క రాత్రి లెక్క, అదీ కొత్త చోట, కొత్త మంచం మీద. ఆ రాత్రి రోగి పక్కకు తిరిగి పడుకుని ఉండవచ్చు, ఇంట్లో వెల్లకిలా పడుకోవచ్చు. జలుబు, ముక్కుదిబ్బడ, రాత్రి తాగిన మందు, పెరిగిన బరువు ఇవన్నీ కావలసిన ప్రెషర్‌ను మార్చేస్తాయి. కాబట్టి ఆ అంకె మొదలుపెట్టడానికే గానీ, శాశ్వతంగా ఉండిపోవడానికి కాదు.

తొలి వారంలో రోగులు చెప్పే ఫిర్యాదులను ఒక్కొక్కటిగా చూస్తే సంగతి తేటతెల్లమవుతుంది.

మాస్కు పెట్టగానే ఊపిరి ఆడడం లేదంటారు చాలామంది. గాలి ఎక్కువైందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. చాలాసార్లు జరిగేది దానికి తలకిందులు. మాస్కుకు ఉన్న చిన్న రంధ్రాల గుండా వదిలిన గాలి బయటికి పోవాలి. నిద్ర పట్టేదాకా ప్రెషర్ తక్కువగా ఉంచే 'ర్యాంప్' 4 దగ్గర మొదలైతే ఆ గాలి నిదానంగా పోతుంది, ఉక్కపోసినట్టుంటుంది. మొదలయ్యే ప్రెషర్‌ను 6కో 7కో పెంచితే చాలామందికి హాయిగా ఉంటుంది. దీన్ని ఓర్చుకోమనడం కన్నా అన్యాయం ఏముంది?

ఊపిరి వదలడం కష్టంగా ఉందంటే, వదిలేటప్పుడు ప్రెషర్‌ను 1 నుంచి 3 దాకా తగ్గించే సదుపాయం చాలా మిషన్లలో ఉంది. పొట్ట ఉబ్బి తేన్పులు వస్తుంటే గాలి మింగుతున్నట్టు. అప్పుడు ప్రెషర్ అవసరానికి మించిందేమో డాక్టరు చూడాలి. తెల్లారేసరికి నోరు పిడచకట్టుకుపోతే నోటి గుండా గాలి పోతోందని అర్థం. గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్ పెంచాలి, లేదా నోటినీ కప్పే మాస్కుకు మారాలి. గుబురు మీసం, గడ్డం ఉన్నవారికి మాస్కు అంచుల నుంచి గాలి లీకై కళ్లలోకి కొడుతుంది. వీరిలో కొందరికి ముక్కు రంధ్రాల దగ్గరే కుదురుకునే చిన్న మాస్కు నప్పుతుంది. మాస్కు పట్టీలను కూర్చుని బిగిస్తే పడుకోగానే సడలుతాయి. అందుకే మిషన్ ఆన్ చేసి, పడుకుని సరిచూసుకోవాలి.

దానంతటదే ప్రెషర్ మార్చుకునే ఆటో మిషన్ కొంటే ఈ బాధలేవీ ఉండవన్న ప్రచారమూ ఉంది. ఆ మిషన్ మంచిదే. కానీ దాన్ని 4 నుంచి 20 దాకా బార్లా తెరిచి, అలాగే రోగి చేతిలో పెడితే సగం పనే అయినట్టు. 11 అవసరమైన మనిషికి 4 దగ్గర మొదలైతే, అది పైకి ఎక్కేలోపు ఊపిరి పలుసార్లు ఆగుతుంది. మిషన్‌లో నమోదైన వారం రోజుల రికార్డు చూసి ఆ హద్దులను దగ్గరికి తేవాలి. మనిషి చూడాల్సిన పనిని ఆటో అన్న పేరు తప్పించదు.

మరి సెట్టింగులు రోగి ముట్టుకోవచ్చా? ర్యాంప్, తేమ, మాస్కు వంటి సౌకర్యాలు నిరభ్యంతరంగా మార్చుకోవచ్చు. అసలు ప్రెషర్ మాత్రం డాక్టరు ద్వారానే మారాలి. దానికి గట్టి కారణం ఉంది. ప్రెషర్ మొదలుపెట్టాక కొందరిలో మెదడే ఊపిరి సంకేతం ఇవ్వని మరో రకం విరామాలు కనిపిస్తాయి. గుండె బలహీనంగా ఉన్నవారి సంగతి, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారి సంగతి వేరు. అయితే డాక్టరు ద్వారానే అన్న నియమం రోగి నోరు మూయించే సాకు కాకూడదు.

సీపాప్ వల్ల గుండెకు మేలు లేదని తేలింది కదా అని వాదించేవారు 2016లో వెలువడిన సేవ్ పరిశోధనను చూపిస్తారు. మన దేశంతో సహా ఏడు దేశాల్లో 2,700 మందికి పైగా పాల్గొన్న ఆ అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం వంటివి తగ్గలేదన్నది నిజం. వాళ్లు మిషన్ వాడింది సగటున రాత్రికి 3.3 గంటలే అన్నదీ నిజం. అంతమాత్రం వాడకంతోనే పగటి మత్తు తగ్గింది, జీవన నాణ్యత మెరుగైంది. సగం రాత్రి కూడా వాడనిచోట వచ్చిన ఫలితాన్ని రాత్రంతా వాడేవారికి అంటగట్టడం సరికాదు. ఆ 3.3 గంటలు చెప్పేది, వాడకాన్ని నిలబెట్టడమే అసలు సవాలని.

వాడకం నిలబడుతుందా లేదా అన్నది మొదటి వారంలోనే చాలావరకు తేలిపోతుందని 1990లలోనే పరిశోధకులు గుర్తించారు. అమెరికా నిద్రవైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో మొదటి రోజుల్లో రోగికి వివరంగా నేర్పాలని గట్టిగా చెప్పింది, దూరం నుంచి రికార్డు గమనిస్తూ ఇబ్బందులు సరిచేయాలని సూచించింది. మన దగ్గర చాలాచోట్ల మిషన్ బిల్లు కట్టడంతో సంబంధం ముగుస్తుంది. వేలకు వేలు పోసి కొన్నవాడు ఆ అత్యవసరమైన వారంలోనే ఒంటరివాడవుతాడు. ఆపై తప్పంతా అతని ఓర్పు మీదికి నెట్టేస్తారు.

ఇది మారాలి. మిషన్ అమ్మేవారు ధరలోనే మొదటి నెల పర్యవేక్షణను కలపాలి. రాసిచ్చిన డాక్టరు మొదటి వారం చివర, నెల చివర రికార్డు చూడాలి. రోగులు, వారి ఇంట్లోవాళ్లు "పడలేదు" అనే ముందు నాలుగు అంకెలు అడగాలి: రాత్రికి ఎన్ని గంటలు వాడారు, మాస్కు నుంచి ఎంత గాలి లీకైంది, గంటకు ఇంకా ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోంది, ప్రెషర్ ఎంతదాకా వెళ్లింది. ఈ నాలుగూ మిషన్‌లోనే నమోదై ఉంటాయి. వాటిని చూసి, సరిచేసి, మళ్లీ ప్రయత్నించాకే ఏ నిర్ణయమైనా తీసుకోండి. ఈలోగా బీరువా మీదున్న మిషన్‌ను కిందికి దించి, దాంతోపాటు ఆ నాలుగు ప్రశ్నలూ ఈ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.