పుట్టింటి దస్తావేజులో మన పేరెక్కడ?

గోదావరి జిల్లాల్లో పాత మండువా లోగిళ్లు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. అలాంటి ఇంటి చరిత్ర అడిగితే పెద్దలు సాధారణంగా ఒకే తీరున చెబుతారు: తాతగారు కట్టించారు, కొడుకులు పంచుకున్నారు, మనవల్లో ఒకరు తన భాగం అమ్మేశారు. ఈ వరుసలో స్త్రీ పేరు వినిపించదు. ఆ వాకిట కళ్లాపి చల్లినవారు, ఆ గదుల్లో పురుళ్లు పోసుకున్నవారు, వంటింటి పక్కన వైధవ్యం వెళ్లదీసినవారు యజమానుల లెక్కలో లేరు. ఇంటికి దీపం ఇల్లాలన్నారు గానీ, ఇల్లు ఆమెదనలేదు.

ఇది ఒక్క ఆచారం చేసిన పని కాదు. చట్టమూ చాలాకాలం దీనికి కాపలా కాసింది. 1937 చట్టం భర్త వాటాను వితంతువుకు బతికినంతకాలం అనుభవించడానికే ఇచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టం ఆ పరిమితిని తొలగించింది, కూతురిని వారసురాలిగా గుర్తించింది. కానీ కుటుంబం నివసించే ఇంటి దగ్గరికొచ్చేసరికి, అదే చట్టంలోని 23వ సెక్షన్ తలుపు మూసింది. మగ వారసులు పంచుకుంటామనేదాకా ఆడపిల్ల పంపకం అడగరాదు. పెళ్లికాని, భర్త వదిలేసిన, భర్తనుంచి విడిపోయిన, వితంతువైన కూతురికి మాత్రం అందులో నివసించే హక్కు ఉండేది.

1985 ఆంధ్రప్రదేశ్ సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో సమాన హక్కు ఇచ్చింది, కానీ అప్పటికే పెళ్లయినవారిని పక్కన పెట్టింది. 2005 సెప్టెంబరు 9న అమల్లోకొచ్చిన కేంద్ర సవరణతో పెళ్లయిన కూతుళ్లకూ ఆ హక్కు వచ్చింది, 23వ సెక్షన్ రద్దయింది. ఆ తేదీకి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇప్పుడు దస్తావేజుల్లో ఆడవాళ్ల పేర్లు కనిపిస్తున్నాయి. అయితే చాలాచోట్ల అవి హక్కు వదులుకుంటున్నామన్న పత్రం కింద సంతకాలు. ఇల్లు అమ్మే వేళ అక్కచెల్లెళ్లను పిలిచి, చీర పెట్టి, రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళతారు. కాదంటే పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయం. కట్నమిచ్చాం కదా అన్న దెప్పు. ఆ కట్నం అత్తింటికి చేరింది. వాటా మాత్రం ఆమెది. రేపు భర్త కట్టుబట్టలతో గెంటేస్తే ఆమె వెతుక్కునేది ఆ ఇంటి గడపనే.

చట్టం గురించి సభల్లో చెప్పడం ఒక్కటే చాలదు. సంతకానికి ముందు ఆ కాగితం చదివి వినిపించే మనిషి ఆమె పక్కన ఉండాలి. ప్రతి గ్రామ సంఘం ఈ పని చేపట్టాలి. అంతకంటే ముందు ఒక ప్రశ్న మనకు మనం వేసుకోవాలి: హక్కుల గురించి మాట్లాడే మనలో ఎంతమందిమి అలాంటి కాగితం మీద మౌనంగా సంతకం పెట్టి వచ్చాం?