రొట్టెలు కాల్చిన కవయిత్రి



కవి అనగానే మీకు ఎలాంటి మనిషి కనబడతాడు? కలం చేత పట్టుకుని ఆకాశంకేసి చూస్తూ కూర్చున్నవాడు కనబడతాడు, అవునా? అతనికి ఆకలేస్తే ఏం తింటాడో, పొద్దుపోక ఏం పాడుకుంటాడో మనం ఎన్నడూ ఆలోచించం. ఈ నెల మీకు చెప్పబోయే కవయిత్రి చేతికి సిరా మరకలతోపాటు రొట్టెపిండి కూడా అంటుకుని ఉండేది.

ఆమె పేరు ఎమిలీ డికిన్సన్. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్‌హర్స్ట్ అనే చిన్న ఊళ్ళో 1830 డిసెంబరు 10న పుట్టింది. తండ్రి పేరున్న వకీలు. ఒక అన్న, ఒక చెల్లెలు. పెద్దయ్యాక ఆమె ఇల్లు దాటి వెళ్ళడం దాదాపు మానేసింది. ఎవరైనా చూడవచ్చినా ఒక్కొక్కసారి తలుపు చాటునుంచే మాట్లాడేది. ఇలా నాలుగు గోడల మధ్య ఉండే మనిషికి సరదాలేముంటాయి అనుకుంటున్నారా? వినండి మరి.

మొదటి సరదా రొట్టె. ఎమిలీ కాల్చిన రొట్టె తప్ప ఇంకొకరి రొట్టె ఆమె తండ్రికి రుచించేది కాదట. అందుకని ఇంటికి కావలసిన రొట్టె అంతా ఆమే చేసేది. 1856లో ఊళ్ళో వ్యవసాయ ప్రదర్శన జరిగితే, ఆమె పంపిన "రై అండ్ ఇండియన్" రొట్టెకు రెండవ బహుమతి వచ్చింది. మరుసటి ఏడు రొట్టెలను పరీక్షించే న్యాయనిర్ణేతలలో ఆమె కూడా ఒకతె!

"ఇండియన్" అంటే మన దేశపు రొట్టె కాదు సుమా! ఆ మాటకు అక్కడ మొక్కజొన్నపిండి అని అర్థం. 1492లో కొలంబస్ అట్లాంటిక్ దాటి, తాను ఇండియా వైపు దీవులు చేరాననుకుని అక్కడివారిని ఇండియన్లు అన్నాడు. వారు పండించే మొక్కజొన్నకు కూడా ఆ పేరే అంటుకుంది. రై అంటే చలిదేశాల్లో పండే, గోధుమను పోలిన ఒక ధాన్యం. ఈ రెండు పిండులూ కలిపి చేసేదే ఆ రొట్టె.

రెండవది అల్లం రొట్టె. ఎమిలీ చేసే పద్ధతి ఈనాటికీ మిగిలి ఉంది. మైదాపిండి, వెన్న, మీగడ, ఒక పెద్ద చెంచాడు శొంఠిపొడి, ఒక చిన్న చెంచాడు వంటసోడా, కాస్త ఉప్పు. వీటన్నిటినీ మొలాసిస్‌తో కలిపి ముద్ద చెయ్యాలి. మొలాసిస్ అంటే చెరకునుంచి పంచదార తీశాక మిగిలే చిక్కని నల్లని పాకం. ఇరుగుపొరుగు పిల్లలు పెరట్లో ఆడుకుంటూ ఉంటే, ఎమిలీ మేడమీది కిటికీలోంచి బుట్టకు తాడు కట్టి ఈ రొట్టెలను కిందికి దించేది. ఆ పిల్లల్లో ఒకాయన పెద్దవాడయ్యాక ఈ సంగతి పుస్తకంలో రాశాడు. మేడమీది మనిషి కంటబడకపోయినా రొట్టె మాత్రం అందేదన్నమాట.

ఇక్కడ మీ సైన్సు బుర్రకు కాస్త పని పెడతాను. పిండిముద్ద గట్టిగా ఉంటుంది గదా, రొట్టె గుల్లగా ఎందుకు వస్తుంది? అల్లం రొట్టెలో సోడా ఉంది. మొలాసిస్‌లో కొంచెం పులుపు ఉంది. సోడా పులుపుతో కలిస్తే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఆ వాయువు బుడగలుగా పిండిలో చిక్కుకుని, వేడికి ఉబ్బి, రొట్టెను పైకి లేపుతుంది. మామూలు రొట్టెలో ఈ పని చేసేది ఈస్టు. అది కంటికి కనబడని బూజుజాతి జీవి. పిండిలోని చక్కెరను తిని అదే వాయువును వదులుతుంది. మన ఇడ్లీపిండి రాత్రికి రాత్రి పొంగేది కూడా ఇలాంటి సూక్ష్మజీవుల వల్లనే. ఇంకో చిత్రం చూడండి. ఎమిలీ రొట్టెల న్యాయనిర్ణేతగా ఉన్న ఆ 1857లోనే, ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ అనే శాస్త్రజ్ఞుడు పాలు పులవడం సజీవమైన సూక్ష్మప్రాణుల పని అని ఒక వ్యాసంలో చూపించాడు. ఆ సంగతి తెలియకుండానే ఎమిలీ వంటింట్లో వాటిచేత రోజూ పని చేయిస్తూనే ఉంది!

ఇక సంగీతం. ఆమెకు పద్నాలుగేళ్ళప్పుడు, 1845లో, ఇంట్లోకి పియానో వచ్చింది. పాఠాలు నేర్చుకుంది. ఆమె వాయించుకున్న స్వరపత్రాలన్నీ కుట్టిన పుస్తకం ఒకటి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది. 1851 జూలైలో జెన్నీ లిండ్ అనే స్వీడన్ గాయని నార్తాంప్టన్‌లో పాడితే, అమ్మా నాన్నా చెల్లెలితో కలిసి గాలివానను లెక్కచెయ్యక వెళ్ళి విన్నది. రాత్రి పొద్దుపోయాక తనకు తోచిన స్వరాలు కల్పించి పియానోమీద వాయించేదని ఇంటికి వచ్చిన స్నేహితులు చెప్పారు.

ఆ సంగీతం ఊరికే పోలేదు. మన ఆటవెలదికీ తేటగీతికీ నడక ఉన్నట్టే, అక్కడి చర్చిపాటలకూ ఒక నడక ఉంది. ఒక పాదంలో ఎనిమిది అక్షరాల ఉచ్చారణ, తరువాతి పాదంలో ఆరు, మళ్ళీ ఎనిమిది, మళ్ళీ ఆరు. చిన్ననాడు చెవిన పడ్డ ఆ నడకలోనే ఎమిలీ తన కవితలు చాలా రాసింది.

మూడవ సరదా మొక్కలు. బడిపిల్లగా ఉండగానే పూలూ ఆకులూ ఏరి, ఎండబెట్టి, కాగితాలకు అతికించి, చాలావాటికి శాస్త్రీయనామాలు రాసిపెట్టింది. అలా చేర్చినవి మొత్తం 424! ఆ పుస్తకమూ హార్వర్డులోనే ఉంది.

ఇవన్నీ విని, ఆమెకు ఇంటిపని అంతా ఆటగా ఉండేదని అనుకునేరు. అదేం లేదు. ఊడవడం, దులపడం ఆమెకు బొత్తిగా గిట్టేది కాదు. తల్లి చాలా ఏళ్ళు జబ్బుపడి మంచాన ఉన్నప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ సేవ చేశారు. రాసుకోవడానికి తీరిక చిక్కేది తక్కువ. అయినా రాత ఆగలేదు. చల్లని సామానుగదిలో పాలమీద మీగడ తీస్తూ తీస్తూనే ఆమె రాసుకునేదని పిన్నికూతురు ఒకామె జ్ఞాపకం చేసుకుంది. మంచి కాగితం దగ్గర లేకపోతే ఉత్తరాల కవర్లమీద, చాక్లెట్ చుట్టిన కాగితంమీద కూడా రాసేది. కొబ్బరి కేకు చేసే పద్ధతి రాసి ఉన్న కాగితం వెనకవైపున ఒక కవిత ఉంది! ఒకవైపు కప్పుడు కొబ్బరికోరు, రెండు కప్పుల పిండి, రెండు గుడ్లు. ఇంకోవైపు తిరిగిరాని వాటిని గురించిన ఆలోచన.

ఆమె బతికి ఉండగా అచ్చయినవి సుమారు పది కవితలు. వాటిమీదా ఆమె పేరు లేదు. 1886 మే 15న, యాభై అయిదో ఏట, ఆమె పోయింది. చెల్లెలు లవీనియా అక్కగారి గది సర్దుతూ ఉంటే వందలకొద్దీ కవితలు బయటపడ్డాయి. చాలావాటిని ఎమిలీయే చిన్న చిన్న పుస్తకాలుగా దారంతో కుట్టి పెట్టుకుంది. అంతా లెక్కవేస్తే ఇంచుమించు 1,800! లవీనియా వాటిని మూలన పడెయ్యలేదు. పట్టుబట్టి, 1890లో మొదటి సంపుటం అచ్చు వేయించింది. ఎవరి కవితలు? ఊళ్ళో కొందరికి రొట్టెలు చేసే అమ్మగారిగా, తోటలో పూలు పెంచే అమ్మగారిగా మాత్రమే తెలిసిన మనిషివి. ఇవాళ ఆమెను ప్రపంచంలోని గొప్ప కవులలో ఒకరుగా లెక్కిస్తారు. ఆమె ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

"పాటలూ మొక్కలూ వంటలూ పెట్టుకుంటే చదువెప్పుడు?" అని పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. వాళ్ళ మాట పూర్తిగా కొట్టెయ్యకండి. కాని ఎమిలీ సంగతి కూడా జ్ఞాపకం ఉంచుకోండి. పియానో ఆమె కవితకు నడక ఇచ్చింది. పూల పుస్తకం నిశితంగా చూసే కన్ను ఇచ్చింది. పిండి నాననిచ్చి, పొంగనిచ్చి, కాల్చేవరకూ ఆగే ఓపిక రొట్టెకూ కావాలి, కవితకూ కావాలి. సరదా పనిలో మనసు నిలిచినప్పుడు అది వృథా కాదు.

ఈ నెల మీరో పరీక్ష చేయండి. అమ్మ ఇడ్లీపిండి రుబ్బిన రాత్రి, అడిగి, ఒక గాజుగ్లాసులో సగంవరకు పిండి పోయండి. పిండి ఎక్కడిదాకా ఉందో అక్కడ గ్లాసు చుట్టూ దారం కట్టండి. పైన మూతపెట్టి వదిలెయ్యండి. తెల్లవారి లేచి, పిండి దారంకంటే ఎన్ని వేళ్ళు పైకి వచ్చిందో కొలవండి. చలిరాత్రి ఒకసారి, ఉక్కరాత్రి ఒకసారి చేసి, తేడా రాసిపెట్టుకోండి. కొత్త నోటుపుస్తకమే అక్కర్లేదు. పచారీకొట్టు పొట్లం కాగితమైనా చాలు!