ఆడుకునే గంట ఎవరిది?

ఈ మధ్య కోదాడలో కిశోర బాలికలతో సమావేశం పెట్టుకున్నాం. బాల్యవివాహాల నిషేధ చట్టం గురించి చెప్తున్నాను. వెనక వరుసలో ఇద్దరు పిల్లలు తలలు ఆనించుకుని సెల్‌ఫోన్లో ఏదో గేమ్ ఆడుతున్నారు. నాకు కోపం వచ్చింది. "ఇంత ముఖ్యమైన విషయం చెప్తుంటే ఆటలా? ఫోను ఇటివ్వండి" అని గదమాయించాను. ఒక అమ్మాయి లేచి నిలబడి, "అక్కా, ఈ ఫోను మా అమ్మది. ఇంట్ల ఉంటే మా అన్న ఇడ్వడు. మీటింగుకు వచ్చినప్పుడే నా చేతికొస్తది" అంది. ఫోను ఇచ్చేసి కూర్చుంది. నేను చట్టం గురించి మిగతాది చెప్పి ముగించాను కానీ ఆ మాట మాత్రం సూర్యాపేట బస్సెక్కిన తర్వాత కూడా నన్ను వదల్లేదు.

ఎందుకంటే అది నా మాటే. తొంభైలలో మా అన్న దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో బేరమాడి ఒక బ్రిక్ గేమ్ కొనుక్కొచ్చాడు. మా ఈడు వాళ్లందరికీ అది గుర్తుండే ఉంటుంది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా, పెన్సిల్ సెల్లులు, బూడిదరంగు తెర, పై నుంచి రాలే ఇటుకలు. డబ్బా మీద 'వేల ఆటలు' అని ఉండేది. నిజానికి ఉన్నవి కొన్నే, వాటినే వేగం మార్చి తిప్పి తిప్పి లెక్కపెట్టేవాళ్లు. అందులో నాకు ఇష్టమైంది ఇటుకల ఆటే. అడ్డంగా పది గళ్లు. పడుతున్న ముక్కను తిప్పి, సందులో ఇరికించి, వరుస నిండితే అది మాయమవుతుంది. ఆ వరుస మాయమైనప్పుడు కలిగే తృప్తి అప్పట్లో నాకు మరెందులోనూ దొరికేది కాదు. మా అమ్మ చూస్తే ఒకటే మాట: "ఆడపిల్లకు గీ ఆటలేంది? లేచి బోళ్లు తోము." అన్న పక్కనే ఖాళీగా ఉన్నా వాడికి ఆ మాట వర్తించేది కాదు.

ఆ బొమ్మ వెనక ఉన్న కథ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. జపాన్‌లో నింటెండో కంపెనీలో పనిచేసిన గున్‌పేయి యోకోయి 1980లో 'గేమ్ అండ్ వాచ్' అనే చేతి ఆటలు తయారుచేశాడు. రైల్లో ఒక ఉద్యోగి తోచక కాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చోవడం చూసి ఆ ఆలోచన వచ్చిందని చెప్తారు. 1989లో అదే కంపెనీ గేమ్ బాయ్ తెచ్చింది. దానితో పేరు మోగిన ఆట టెట్రిస్. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో రూపొందించిన ఆట అది. మా ఊళ్లకు గేమ్ బాయ్ రాలేదు. దాన్ని చూసి చేసిన చవక బొమ్మలు జాతరలకూ బస్టాండ్ల దగ్గరి దుకాణాలకూ వచ్చాయి.

ఆ రైలు ప్రయాణికుణ్ణి ఒకసారి తలుచుకోండి. ఆఫీసు నుంచి ఇంటికి పోతున్నాడు. చేతులు ఖాళీ, మనసు ఖాళీ. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోయే బస్సులో మన ఆడవాళ్లకు ఆ తీరిక ఉందా? ఒడిలో పిల్ల, కాళ్ల దగ్గర సంచి, ఇంటికి పోగానే వండాల్సిన కూర మీద ధ్యాస. యంత్రానికి 'బాయ్' అని పేరు పెట్టడం యాదృచ్ఛికం కావచ్చు. తీరిక మాత్రం ఆ పేరున్న వాడిదే.

అయినా అరచేతి ఆటలోనే నాకొక మేలు కనిపించింది. టీవీకి తగిలించి ఆడే ఆటకు టీవీ కావాలి. టీవీ ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలుసు. ఈ డబ్బాను ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. పొయ్యి దగ్గర, డాబా మీద, దుప్పటి కింద. అన్నిటికన్నా ముఖ్యంగా అందులో ఆట ఆపే మీట ఉంది. అన్నం పొంగితే ఆపొచ్చు, చుట్టాలొస్తే ఆపొచ్చు, మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. ఆడవాళ్ల బతుక్కు తగ్గ ఆట అనుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే అందులోనే అసలు అన్యాయం ఉందనిపిస్తుంది. మా అన్నకు ఆ మీటతో పనే పడేది కాదు. నాకు ఒక్క ఆటా ఆపకుండా సాగేది కాదు. ఆపి వెళ్లి తిరిగొచ్చేసరికి డబ్బా వాడి చేతిలో ఉండేది.

ఆటల లోపల మన స్థానం ఏమిటన్నది మరో సంగతి. 1989లో గేమ్ బాయ్‌తో పాటు వచ్చిన 'సూపర్ మారియో ల్యాండ్'లో రాజకుమారి ఉన్నది విడిపించబడటానికే. 1991లో వచ్చిన రెండో 'మెట్రాయిడ్'లో యుద్ధం చేసే సామస్ స్త్రీ. అలాంటివి అరుదు. పోకెమాన్ ఆటల్లో ఆడపిల్లగా ఆడే వీలు 2000లో వచ్చిన 'క్రిస్టల్'తో గానీ కలగలేదు. మిర్యాలగూడలో మా అక్క కూతురికి విదేశం నుంచి వచ్చిన చుట్టాలు నింటెండో డీఎస్ ఇచ్చారు. అందులో 2005 నాటి 'సూపర్ ప్రిన్సెస్ పీచ్' చూపించి, "ఇందులో రాజకుమారే మారియోను విడిపిస్తది పిన్నీ" అంది. సంతోషించాను. తీరా చూస్తే ఆమె శక్తులు ఆనందం, కోపం, ఏడుపు, శాంతం. ఏడిస్తే కన్నీళ్లకు మొక్కలు పెరుగుతాయి! నాయకిని చేసినా చేతికి ఏడుపే ఇచ్చారు. అయినా ఆ పిల్ల మాత్రం కోపం మీటే ఎక్కువ నొక్కింది.

ఇక లెక్కలు. ప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చించారు. 2024 సర్వేలో స్త్రీలవి 289, పురుషులవి 88. మనకు పది నిమిషాలు తగ్గాయి. ఆ పది నిమిషాలూ మగవాళ్లు పంచుకున్నందువల్ల తగ్గినవి కావు, వాళ్లవీ తొమ్మిది తగ్గాయి. నాట్లకు పోయొచ్చిన తల్లి, మిల్లులో పనిచేసొచ్చిన తల్లి ఇంటి చాకిరీకి కూతుర్నే సాయం పిలుస్తుంది. తల్లిని తప్పుపట్టి లాభం లేదు. ఆమెకూ ఆ గంట ఎవరూ ఇవ్వలేదు.

"కట్నం చావులు, బాల్యవివాహాలు ఉండగా గేముల గురించి రాస్తావా?" అని కొందరు మిత్రులు అడగొచ్చు. 1948 నాటి విశ్వ మానవహక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతి, తీరిక ప్రతి మనిషి హక్కు అంది. మన దేశం 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటను పిల్లల హక్కుగా గుర్తించింది. రోజులో ఒక్క గంట కూడా తనది కాని పిల్ల, తన కాలమంతా ఇంటిదేనని అప్పటికే నేర్చుకుంటుంది. రేపు ఆమె బతుకు గురించి వేరేవాళ్లు నిర్ణయిస్తే అది ఆమెకు కొత్తగా అనిపించదు. బాల్యవివాహానికి వేరు అక్కడే ఉంది.

ఆటల పేరుతో జూదం ఉన్న మాట నిజమే. భర్తలు ఫోన్లలో రమ్మీ ఆడి అప్పులు తెస్తే ఆ బాధ పడేది ఆడవాళ్లే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో నిషేధించింది, 2025లో కేంద్రమూ చట్టం చేసింది. మంచిదే. మగవాళ్ల జూదాన్ని చూపించి ఆడపిల్ల అరగంట ఆటను లాక్కోవడం మాత్రం న్యాయం కాదు. ఆ రోజు కోదాడలో నేను చేసిన పని అదే.

మన సంస్థల్లోనూ ఆడపిల్లల కోసం కుట్టు, అల్లిక, ఆరోగ్యం, చట్టం అన్నీ ఉంటాయి. ఊరికే ఆడుకోవడానికి సమయం ఉండదు. ఫలితం లేని గంట నివేదికలో ఎక్కడ రాయాలో మనకూ తెలియదు. ఇకనుంచి ఇంటింటి సర్వేలో ఒక ప్రశ్న చేర్చుదాం: "నీ ఇష్టమొచ్చినట్టు గడుపుకునే సమయం రోజుకు ఎంత? అదే సమయంలో నీ అన్నదమ్ములు ఏం చేస్తారు?" మగపిల్లల సమావేశాల్లో బోళ్ల గురించి మాట్లాడదాం.

తర్వాతి సమావేశంలో మొదటి అరగంట ఆటకే వదిలేశాను. అష్టాచెమ్మా ఆడినవాళ్లు ఆడారు, ఫోన్లు పంచుకున్నవాళ్లు పంచుకున్నారు. ఆ అమ్మాయి దగ్గరకు పోయి ఆ రోజు గదమాయించినందుకు తప్పయిందన్నాను. "మీకొస్తదా అక్కా?" అని ఫోను నా చేతిలో పెట్టింది. పై నుంచి ఇటుకలు రాలుతున్నాయి. నేను నాలుగు వరుసలు నింపేలోపు అరగంట అయిపోయింది. చట్టం గురించి చెప్పడం కాస్త ఆలస్యంగా మొదలుపెట్టాం.